కోర్టు ఇంటికి పంపింది, అంటే కేసు పోయినట్టేనా?

పోయిన నెల జామీను గురించి రాశాక వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఒకటే అడిగాయి. తప్పు చేశాడని కోర్టు తేల్చాక కూడా మనిషిని జైలుకి పంపకుండా ఊళ్లోనే ఉంచి కనిపెట్టుకుని ఉండే ప్రొబేషన్ అనే పద్ధతి ఒకటుందట కదా, అది ఎవరికి ఇస్తారు, ఎవరు అడగాలి అని. పాతికేళ్లుగా కర్నూలు కోర్టుల్లో తిరుగుతున్నదాన్ని, ఈ సంగతి మీద నాకు చెప్పాల్సింది చాలా ఉంది, అందుకే ఈసారి పేజీలన్నీ దీనికీ, దీని పక్కనే వినపడే పెరోల్‌కీ. రాసినవాళ్ల పేర్లు తీసేశాను, ఊళ్లు ఉంచాను.

మేడంగారూ, మావాడు జిన్నింగ్ మిల్లులో పనికి పోయేవాడు. 2024 ఏప్రిల్‌లో ఇద్దరు స్నేహితులతో కలిసి ఒకరింట్లో రెండు సెల్‌ఫోన్లు, కొంత డబ్బు తీశాడు. ఫోన్లు దొరికాయి. ఇదే మొదటి తప్పు. ఇప్పుడు వాడికి 20 ఏళ్ల 8 నెలలు. కేసు చివరికొచ్చింది. నేరం ఒప్పుకుంటే ప్రొబేషన్ ఇచ్చి వదిలేస్తారని ఒకాయన చెప్తున్నాడు. ఆఫీసర్ ఇంటికొచ్చి వీధిలో అందరినీ అడుగుతాడు, పరువు పోతుంది, వద్దని మా ఆయన అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?
— ఒక తల్లి, ఆదోని

అమ్మా, ముందు క్యాలెండర్ చూడండి. మీవాడికి 21 నిండడానికి ఇంకా నాలుగు నెలలే ఉంది, ఈ కేసులో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి అదే. 1958 నాటి ప్రొబేషన్ చట్టంలో 6వ సెక్షన్ ఏమంటుందంటే, జీవిత ఖైదు దాకా పోని నేరాల్లో 21 ఏళ్ల లోపువాడికి కోర్టు జైలు శిక్ష వెయ్యకూడదు. వేసి తీరాలనిపిస్తే దానికి కారణం రాయాలి, వెయ్యడానికి ముందు ప్రొబేషన్ అధికారి దగ్గర నుంచి రిపోర్టు తెప్పించుకోవాలి. ఈ వయసు లెక్క నేరం జరిగిన నాటిది కాదు. కింది కోర్టు దోషి అని తేల్చి శిక్ష సంగతి ఎత్తుకునే రోజున ఎంత వయసుందో అది చూడాలని 60 ఏళ్ల కిందటే రాంజీ మిస్సర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి మనవైపు నుంచి వాయిదాలు అడగొద్దు. సాక్షి వచ్చిన రోజున లాయరుగారు లేకపోవడం లాంటివి జరగనివ్వొద్దు. ఒకవేళ 21 దాటిపోయినా తలుపులు మూసుకుపోవు, 3వ సెక్షన్ కింద మందలించి పంపడం, 4వ సెక్షన్ కింద సత్ప్రవర్తన బాండు మీద వదలడం అప్పుడూ ఉంటాయి, కాకపోతే అది పూర్తిగా జడ్జిగారి ఇష్టం.

ఇక ఒప్పుకోమని చెప్పిన ఆ పెద్దమనిషి మాట. ఒప్పుకుంటే దోషి అని తేలినట్టే, ప్రొబేషన్ వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. సాక్ష్యం ఎంత గట్టిగా ఉందో లాయరుతో కూర్చుని మాట్లాడాక తీసుకోవాల్సిన నిర్ణయం అది, కోర్టు వరండాలో చెవిలో చెప్తే తీసుకునేది కాదు.

పరువు సంగతి. ప్రొబేషన్ అధికారి వస్తాడు, నిజమే. ఇంట్లో ఎవరెవరున్నారు, వాడు పనికి సక్రమంగా పోతాడా, తాగుతాడా, ఎవరితో తిరుగుతాడు, మిల్లులో మేస్త్రీ ఏమంటాడు, ఇవన్నీ అడుగుతాడు. కానీ రాసిన రిపోర్టు రహస్యంగా ఉంచాలని చట్టమే చెప్తోంది, అది వీధిలో చదివి వినిపించే కాగితం కాదు. పైగా పోలీసులు జీపులో వచ్చి తీసుకెళ్లిన రోజే వీధికి తెలిసిపోయింది కదమ్మా, ఇప్పుడు కొత్తగా దాచేది ఏముంది? ఇరుగుపొరుగుకి ముందే పాఠం చెప్పి పెట్టకండి. అందరూ ఒకేలా మాట్లాడితే అధికారికి అనుమానం వస్తుంది. వాడికి కోపం ఎక్కువ కానీ పనికి పోతాడు, తల్లి మాట వింటాడు అని ఒక ముసలామె మామూలుగా చెప్పిన మాటకి చాలా విలువ ఉంటుంది. మిల్లు యజమాని మళ్లీ పనిలో పెట్టుకుంటానని ఒక కాగితం రాసిస్తే తెచ్చిపెట్టుకోండి.

మన దగ్గర పెద్ద రోగం ఏంటంటే అడగకపోవడం. కేసు గెలవడమో ఓడడమో తప్ప మధ్యలో ఇంకొకటి ఉందని చాలామందికి గుర్తురాదు. కొన్నేళ్ల కింద ఒక కుర్రాడి కేసు అప్పీలుకి నా దగ్గరికి వచ్చింది. ఇలాంటి దొంగతనమే, ఆరు నెలల శిక్ష. కింది కోర్టులో ఎవరూ ప్రొబేషన్ మాట ఎత్తలేదు, రిపోర్టు తెప్పించలేదు. అప్పీలు కోర్టుకీ ఆ అధికారం ఉంటుంది కాబట్టి మేము అడిగాం, ఇచ్చారు. కానీ ఆ లోపు వాడు రెండు నెలలు లోపల ఉన్నాడు. బయటికొచ్చాక వాణ్ణి వెతుక్కుంటూ వచ్చిన స్నేహితులు ఆ రెండు నెలల్లో అయినవాళ్లే. వాళ్లమ్మ వాళ్లని గుమ్మం ఎక్కనివ్వకుండా కాపలా కాసింది, అదే పెద్ద ప్రొబేషన్ అయింది వాడికి.

అన్ని కేసులకీ ఇది దొరకదు, ఈ మాట మిగతావాళ్ల కోసం. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల చట్టం కింద శిక్ష పడిన 18 దాటినవాళ్లకి లేదు. గంజాయి కేసుల్లో 18 దాటితే కేవలం వాడకం కేసుకి తప్ప లేదు, మన పట్టణాల్లో కాలేజీ పిల్లల తల్లిదండ్రులు ఇది గుర్తుపెట్టుకోండి. నిర్లక్ష్యంగా బండి నడిపి ప్రాణం తీసిన కేసుల్లో ప్రొబేషన్ ఇవ్వొద్దని 2000లో దల్బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. లాయరు ఫీజు కట్టుకోలేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి, 15100కి ఫోన్ చేసినా దారి చెప్తారు.

మా తమ్ముడికి కొట్లాట కేసులో కోర్టు రెండేళ్లు ప్రొబేషన్ ఇచ్చింది, నెలకోసారి ఆఫీసర్ దగ్గరికి పోతున్నాడు. ఇప్పుడు ఊరంతా సుగ్గికి, అంటే వలస పనికి, గుంటూరు వైపు మిరప కోతకి పోతోంది. వాడొక్కడే ఇక్కడుండి ఏం తినాల? చెప్పకుండా తీసుకుపోతే ఏమవుతుంది?
— కోసిగి

చెప్పకుండా తీసుకుపోవద్దన్నా, ఆ ఒక్క పని చెయ్యొద్దు. ప్రొబేషన్ అంటే కేసు కొట్టేశారని మనవాళ్లు అనుకుంటారు. కొట్టెయ్యలేదు. నువ్వు దోషివే, శిక్ష ఏంటో ఇప్పుడు చెప్పను, ఇన్నాళ్లు బుద్ధిగా ఉండి చూపించు అని కోర్టు పక్కన పెట్టింది. షరతు తప్పితే వారెంటు వస్తుంది, జామీను నిలబడినవాళ్లని కూడా పిలుస్తారు, కోర్టు తల్చుకుంటే అసలు నేరానికి పడాల్సిన శిక్ష అప్పుడు వేస్తుంది. మొదటిసారి తప్పితే 50 రూపాయల దాకా జరిమానాతో సరిపెట్టే వీలు కూడా చట్టంలో ఉంది, కానీ దాన్ని నమ్ముకుని బస్సెక్కకూడదు.

సుగ్గికి పోవడం నేరం కాదు. కోసిగి, మంత్రాలయం, ఆదోని పల్లెల్లో పొలం ఎండితే ఇంటికి తాళం పడుతుందని ఆ అధికారికీ తెలుసు. పోయే పది రోజుల ముందే తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లండి. ఏ ఊరు, ఎవరి పొలం, ఏ మేస్త్రీ కింద, ఎన్నాళ్లు, ఫోన్ నంబరు, అన్నీ ఒక కాగితం మీద రాసి ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోండి. బాండులో నివాసం గురించి షరతు రాసి ఉంటే దాన్ని మార్చాల్సింది కోర్టే, ఆ మార్పు కోరుతూ దరఖాస్తు వెయ్యాల్సింది ప్రొబేషన్ అధికారి. అందుకే ముందు ఆయన్ని కలవమనేది. ఎక్కువ కాలం అక్కడే ఉండాల్సి వస్తే అక్కడి అధికారి పర్యవేక్షణలోకి మార్చే వీలూ ఉంది. ఇంకో సంగతి, బాండులో తాగకూడదని రాసి ఉందేమో ఒకసారి చదివించుకోండి. చాలామంది సంతకం పెట్టిన కాగితంలో ఏముందో తెలియకుండానే రెండేళ్లు గడిపేస్తారు.

నాకు ధర్మవరంలో చిన్న పట్టుచీరల షాపు. మా దగ్గర పని చేసిన కుర్రాడే చీరలు ఎత్తుకుపోయి అమ్ముకున్నాడు. నేరం రుజువైంది. అయినా కోర్టు ప్రొబేషన్ మీద వదిలేసింది. వాడు మా షాపు ముందు నుంచే బండి మీద తిరుగుతున్నాడు. దొంగకి ఇంత జాలి చూపే చట్టానికి మేము కనపడమా?

మీ కడుపుమంట నాకు అర్థమవుతుంది, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మగ్గం మీద ఒక చీర దిగడానికి ఎన్ని రోజులు పడుతుందో తెలిసిన ఊళ్లో చీర పోవడమంటే ఏంటో నాకు చెప్పక్కర్లేదు.

మీకు చట్టంలో చోటు ఉంది, అది మీకు ఎవరూ చెప్పకపోవడమే అన్యాయం. అదే ప్రొబేషన్ చట్టంలో 5వ సెక్షన్ కింద, వదిలిపెట్టేటప్పుడే నష్టపోయినవాళ్లకి పరిహారం, ఖర్చులు కట్టమని కోర్టు ఆదేశించవచ్చు. కట్టకపోతే జరిమానా వసూలు చేసినట్టే వసూలు చేస్తారు. శిక్ష మీద వాదనలు జరిగే రోజున మీరు బిల్లులు, స్టాకు పుస్తకం పట్టుకుని ప్రభుత్వ ప్లీడరుగారిని కలిసి ఈ మాట అడిగి ఉండాల్సింది. తీర్పు కాపీ తీసుకుని అందులో పరిహారం ఊసు ఉందో లేదో చూడండి. లేకపోతే అప్పీలు సంగతి గడువు దాటకముందే లాయరుని అడగండి. ప్రొబేషన్ ఉత్తర్వు మీద అప్పీలుకి వీలుంది, పైకోర్టు దాన్ని పక్కనపెట్టి శిక్ష వెయ్యనూ వచ్చు.

ఇంకొకటి చెప్తాను, కోపం తెచ్చుకోకండి. వాడు ఆరు నెలలు జైల్లో ఉండొస్తే మీకు చీర డబ్బులు రావు. బయట ఉండి కూలి చేస్తేనే నెలనెలా కట్టగలడు, ఆ కట్టే పనిలో వాడికి సలహా చెప్పి వెంటపడటం ప్రొబేషన్ అధికారి బాధ్యతల్లో ఒకటి. పరిహారం ఉత్తర్వు ఉండీ వాడు కట్టకుండా తిరుగుతుంటే ఆ అధికారికి రాతపూర్వకంగా తెలియజేయండి. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, 5000 రూపాయల లోపు మొదటి దొంగతనానికి సొత్తు తిరిగిస్తే సమాజ సేవ శిక్షగా పెట్టారు. అక్కడ కూడా నష్టపోయినవాడి చేతికి వస్తువు తిరిగి రావడమే ముందు షరతు, నాకు ఆ ఏర్పాటు నచ్చింది.

నన్ను తహసీల్దార్ దగ్గర బైండోవర్ చేశారు. రౌడీషీట్ కూడా ఉంది, ఆదివారం స్టేషన్‌కి రమ్మంటారు. ఇది ప్రొబేషనేనా? ఇంకెన్నాళ్లు?
— జమ్మలమడుగు

కాదు. ప్రొబేషన్ అనేది నేరం రుజువయ్యాక కోర్టు ఇచ్చేది, దానికి గడువు ఉంటుంది, మూడేళ్లకి మించదు. బైండోవర్ అంటే ముందుముందు గొడవ చేయనని తహసీల్దార్ లాంటి ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ముందు రాసిచ్చే పూచీకత్తు, దానికి నేరం రుజువు కానక్కర్లేదు, దానికీ గడువు ఆ కాగితంలోనే రాసి ఉంటుంది. రౌడీషీట్ పూర్తిగా పోలీసులు తమ స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం స్టేషన్లో పెట్టుకునే రికార్డు. బెయిల్ షరతు మీద వారం వారం పెట్టే సంతకం ఇంకోటి. ఈ నాలుగింటినీ మనూళ్లలో కలిపి "స్టేషన్ సంతకం" అంటారు, అందుకే ఎవరికి దేని గడువు ఎప్పుడు తీరిందో తెలియదు. కేసులన్నీ కొట్టేసి ఏళ్లు గడిచినా షీట్ తీయకపోతే ఎస్పీగారికి తీర్పు కాపీలతో అర్జీ పెట్టుకోండి, ఫలితం లేకపోతే హైకోర్టులో రిట్ వెయ్యొచ్చు.

నాకు బాధ కలిగించే సంగతి ఏంటంటే, ఆదివారం పూట స్టేషన్ ముందు కూర్చోబెట్టడానికి మనకి మనుషులున్నారు, అదే మనిషికి పని చూపించడానికి వెంట తిరిగే ప్రొబేషన్ అధికారులు చాలినంతమంది లేరు. పని వెతకడంలో సాయం చెయ్యడం కూడా ఆయన విధి అని 14వ సెక్షన్లో స్పష్టంగా రాసి ఉంది.

డిగ్రీ చదువుతున్నాను మేడమ్. ప్రొబేషన్ ఎవరు మొదలుపెట్టారు? అమెరికాలో పెరోల్ మీద వచ్చినవాడు ఏళ్లకేళ్లు బయటే ఉంటాడు, మన దగ్గర కొన్ని రోజులకే ఎందుకు తిరిగి వెళ్లాలి?
— అనంతపురం

1841లో అమెరికాలోని బోస్టన్ నగరంలో జాన్ అగస్టస్ అనే చెప్పులు కుట్టే ఆయన కోర్టులో కూర్చుని ఉంటే, ఒక తాగుబోతుని తెచ్చి నిలబెట్టారు. ఆ మనిషిలో ఇంకా ఆశ ఉందనిపించి ఆయన జామీను నిలబడి తీసుకెళ్లాడు. మూడు వారాల తర్వాత మళ్లీ కోర్టుకి తెచ్చేసరికి జడ్జి గుర్తుపట్టలేనంతగా మారిపోయాడట. జైలుకి పంపకుండా ఒక్క సెంటు జరిమానాతో వదిలారు. అగస్టస్ 1859లో చనిపోయేలోపు దాదాపు 2000 మందికి అలా నిలబడ్డాడు, జీతం భత్యం ఏమీ లేకుండా. ఆయన పోయాక చాలా ఏళ్లకి, 1878లో మసాచుసెట్స్ రాష్ట్రం దాన్ని చట్టం చేసింది. అంటే ఆఫీసు కంటే ముందు పూచీ పడిన మనిషి వచ్చాడు, ఈ సంగతి నాకు ఎప్పుడూ గుర్తుంటుంది.

పెరోల్ అనేది ఫ్రెంచి పదం, "మాట" అని అర్థం. తిరిగొస్తానని, కత్తి పట్టనని ఖైదీ ఇచ్చే మాట. అమెరికాలో శిక్షలో కొంత భాగం అయ్యాక మిగతాది బయట, అధికారి పర్యవేక్షణలో గడపడాన్ని పెరోల్ అంటారు. మన దగ్గర పెరోల్ అంటే పని మీద ఇచ్చే తాత్కాలిక సెలవు. అక్కడి పెరోల్‌కి మన దగ్గర కొంచెం దగ్గరగా ఉండేది ముందస్తు విడుదల. మరణశిక్ష కూడా పడదగ్గ నేరాల్లో జీవిత ఖైదు పడినవాళ్లకి 14 ఏళ్లు లోపల గడవకుండా ప్రభుత్వం దాన్ని ఇవ్వకూడదు.

22 ఏళ్లప్పుడు ఒక కేసులో ప్రొబేషన్ వచ్చింది, గడువు పూర్తయింది. ఇప్పుడు ప్రభుత్వ ఉద్యోగానికి ఎంపికయ్యాను. వెరిఫికేషన్ ఫారంలో కేసు ఉందా అన్న చోట "లేదు" అని రాయమంటున్నారు స్నేహితులు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
— ప్రొద్దుటూరు

ఉన్నది ఉన్నట్టు రాయి నాయనా. ప్రొబేషన్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం దోషి అని తేలినందువల్ల వచ్చే అనర్హత నీకు అంటదు. అది పెద్ద రక్షణ. కానీ దోషి అన్న తీర్పు చెరిగిపోదని 1990లో బక్షీరామ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి ఫారంలో అడిగితే లేదనడం అబద్ధం అవుతుంది. 2016లో అవతార్ సింగ్ కేసులో ముగ్గురు జడ్జీలు ఇదంతా వివరంగా చర్చించారు. నిజం చెప్పినవాడి చిన్న కేసుని, అప్పటి వయసుని చూసి అధికారులు ఉద్యోగం ఇవ్వొచ్చు, ఇవ్వాలనేం లేదు. కానీ దాచిపెట్టినవాడి ఉద్యోగం దాచినందుకే పోవచ్చు. తీర్పు కాపీ, బాండు గడువు సవ్యంగా పూర్తయిందన్న కాగితం జతచెయ్యి. భయం ఉంటుంది, అయినా రాయి.

అక్కా, మా ఆయన జీవిత ఖైదీ, కడప సెంట్రల్ జైల్లో ఉన్నాడు. ఏడేళ్లయింది. పాప పెళ్లి కుదిరింది. పెరోల్ అడిగితే ఊళ్లో అవతలి వర్గం వాళ్లున్నారని పోలీసులు రిపోర్టు బాగా ఇవ్వరని భయంగా ఉంది. పెరోల్ రోజులు శిక్షలో కలుస్తాయా?
— తాడిపత్రి దగ్గర పల్లె

చెల్లీ, రెండో ప్రశ్నకి జవాబు చిన్నది, ముందు అది చెప్తాను. కలవవు. పెరోల్‌లో శిక్ష ఆగి ఉంటుంది, బయట ఉన్న రోజులు తర్వాత గడపాల్సిందే. ముందస్తు విడుదలకి 14 ఏళ్ల లెక్క వేసేటప్పుడు కూడా పెరోల్ కాలాన్ని తీసెయ్యాలని 2023 జనవరిలో గోవా నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు అంది. ఫర్లో అని ఇంకోటి ఉంది, అది ఏ కారణం లేకుండా, మంచి నడవడికకి ఇచ్చే సెలవు, అది శిక్షలో కలుస్తుంది. ఆయనకి ఫర్లో అర్హత ఉందేమో జైలు అధికారులని అడుగు. ఉంటే పెళ్లికి అదే వాడుకోవడం లాభం.

ఇక ఊరి సంగతి. నేరం పెద్దదన్న ఒక్క కారణంతో పెరోల్ కాదనకూడదని 2017లో అస్ఫాక్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ శాంతిభద్రతల మాట వేరు, అందులో పోలీసుల భయాన్ని నేను కొట్టిపారెయ్యను. మన సీమ పల్లెల్లో జైలు నుంచి మనిషి వచ్చాడన్న కబురుకే రెండు వీధుల్లో తలుపులు పడతాయి. భర్తని పోగొట్టుకున్న ఆడమనిషి అవతలి వీధిలో కూడా ఉంటుంది, ఆమె గురించి ఆలోచించడం మనకి నష్టం కాదు. కాబట్టి దరఖాస్తులోనే దారి మీరే చూపించండి. పెళ్లి సొంతూళ్లో కాకుండా మీ పుట్టింటి ఊళ్లోనో, పట్టణంలో కల్యాణమండపంలోనో పెట్టుకుంటున్నామని, ఆయన ఆ ఇల్లు దాటి మన ఊరికి రాడని, రోజూ అక్కడి స్టేషన్లో సంతకం పెడతాడని రాయండి. పూచీ ఉండేవాళ్లు ఆ ఊరివాళ్లే అయితే ఇంకా మంచిది. పోలీసు రిపోర్టు "ఊళ్లోకి వస్తే గొడవ" అని వచ్చినా, ఊళ్లోకి రావడం లేదు కదా అని చెప్పడానికి మనకి మాట ఉంటుంది. అప్పటికీ కాదంటే హైకోర్టుకి వెళ్లొచ్చు, పెళ్లి తేదీ చూపించి త్వరగా వినమని అడగొచ్చు, పోలీసు కాపలాతో ఒకటి రెండు రోజులు పంపమనైనా కోరొచ్చు.

తిరిగి వెళ్లే రోజు ఒక్క పూట కూడా దాటనివ్వకు. కరోనా కాలంలో బయటికి పంపిన ఖైదీలందరినీ 15 రోజుల్లో లొంగిపొమ్మని 2023 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది కదా, ఆ మాట పాటించినవాళ్ల రికార్డుకి, వెతికి పట్టుకొచ్చినవాళ్ల రికార్డుకి తేడా తర్వాత ప్రతి ఫైలులోనూ కనపడుతుంది. పెరోల్ సక్రమంగా ముగించినవాడికి మళ్లీ పెరోల్ అడిగే మొహం ఉంటుంది. అనంతపురం దగ్గర రెడ్డిపల్లిలో ఉన్న ఓపెన్ ఎయిర్ జైలు సంగతి వినే ఉంటావు, అక్కడ గోడల మధ్య కాకుండా పొలాల్లో పని చేస్తూ శిక్ష గడుపుతారు. అలాంటి చోటికి పంపేది నడవడిక చూసి, నమ్మకం కుదిరినవాళ్లనే.

ఈ వారం ములాఖత్‌కి పోయేటప్పుడు లగ్నపత్రిక జిరాక్సులు మూడు, పాప ఆధార్ కాపీ, పూచీ ఉండేవాళ్ల ఇంటి పన్ను రశీదులు పట్టుకుపో. దరఖాస్తు మీద సంతకం ఆయనది కావాలి, అది సూపరింటెండెంట్‌గారి ద్వారానే పైకి వెళ్తుంది. పోలీసు విచారణకి, రిపోర్టులకి వారాలు పడుతుంది కాబట్టి పత్రికలు అచ్చుకి ఇచ్చేదాకా ఆగొద్దు, పురోహితుడు రాసిచ్చిన ముహూర్తం కాగితంతోనే మొదలుపెట్టు.